చప్పట్ల చోటు

మాడ్‌బరీలో మా గరాజ్ తలుపు సగమే లేస్తుంది.
ఆ సగంలోంచి మూడు జతల కాళ్లు కనిపిస్తున్నాయి.
మా శ్రేష్ఠవి, జార్జియావి, త్వీ అనే వియత్నాం పిల్లవి.
శుక్రవారం స్కూల్లో అన్ని దేశాల పండగట.
ఒకే తెలుగు పాటకి ముగ్గురూ
కాంక్రీటు నేలను దంచుతున్నారు.

ముందు పొంగిపోయాను, అబద్ధమెందుకు.
భుజాన బియ్యం బస్తా, చేతిలో కొత్తిమీర కట్ట,
తెలుగు మాట ఆ సగం తలుపు కిందనుంచి వీధిలోకి పాకుతోంది,
ఎదురింటి గ్రెగ్ గడ్డి కోస్తూ తలూపుతున్నాడు.
అప్పుడు రెండో చరణం వచ్చింది.
రెండో చరణంలో ఆ మాట వచ్చింది.

బస్తా దించేశాను.

"పాట మార్చండి."
"ఎందుకు?"
"బాగాలేదు."
"బీట్ అదిరింది కదా నాన్నా!"
"బీటు కాదు. మాట."
"మాటకేమయింది? దానర్థం ఏంటి?"

పదహారేళ్లుగా ఈ పిల్లకి తెలుగు నేర్పుతున్నాను.
వంకాయ నేర్పాను, వడగళ్లు నేర్పాను,
అలక అంటే కోపం కాదని వారం రోజులు నేర్పాను.
ఈ ఒక్క మాట దగ్గర
నేనూ నా నిఘంటువూ కలిసి నీళ్లు నమిలాం.
జార్జియా మర్యాదగా తల దించుకుంది,
ఏదో దేవుడి విషయమనుకుంది కాబోలు.

"రాసినవాడికి సిగ్గులేదు" అన్నాను చివరికి.
ఆ గొంతు నాది కాదు.
తెనాలిలో మేడమెట్ల కింద
నా టేప్‌రికార్డర్ మీద తడి తువ్వాలు కప్పిన మా నాన్నది.
"అది పాటా, పంటినొప్పా?" అనేవాడాయన.

అప్పుడు నాకు పదహారు. అది ఇంగ్లీషు పాట.
రైల్వేస్టేషన్ దగ్గర కొట్లో ఎక్కించుకొచ్చిన క్యాసెట్.
ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒక్క ముక్కా వదల్లేదు.
విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను
లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో.
కాలేజీ వార్షికోత్సవంలో, ప్రిన్సిపాల్ ఎదుట,
కళ్లు మూసుకుని, గుండెమీద చెయ్యేసుకుని
భజనలా పాడాను.
ఫిజిక్సు మేడం కళ్లు తుడుచుకుంది.
ప్రోత్సాహక బహుమతి: మూతకి గొళ్లెమున్న స్టీలు డబ్బా.

ఇరవై రెండేళ్ల తర్వాత ఇక్కడ, టీట్రీ ప్లాజాలో,
పాల సీసాల ముందు నిలబడి ఉంటే
పైకప్పులోంచి అదే పాట.
అప్పటికి నా చెవికి ఇంగ్లీషు వచ్చేసింది.
మొదటి వాక్యానికి నవ్వుకున్నాను.
రెండోదానికి అటూ ఇటూ చూశాను.
మూడోదానికి, పాలు తీసుకోకుండానే,
చలిపెట్టె తలుపు మూసేసి బయటికొచ్చేశాను.
ఫిజిక్సు మేడం బతికుంటే
ఆవిడకి ఇంగ్లీషు రాకుండా ఉండుగాక.

ఇది శ్రేష్ఠకి చెప్పలేదు.
రోజూ దాని పెరుగన్నం ఆ డబ్బాలోనే వెళ్తుంది.

రాత్రి గది గుమ్మంలో నిలబడి అంది:
"అమ్మనడిగా. నవ్వింది, చెప్పలేదు.
అంత దరిద్రంగా ఉందా?"
"ఉంది."
"పాట మార్చను నాన్నా. ఆ చోట మాత్రం
కట్ చేసి చప్పట్లు కొడతాం. ఓకేనా?"
ఓకే అన్నాను. గెలిచాననుకున్నాను.

శుక్రవారం. హాలంతా మడతకుర్చీలు, సమోసాల వాసన,
తెలుగువాళ్లం ఓ ముప్పైమందిమి ఒకేచోట కూర్చున్నాం.
రెండో చరణం నడుస్తూ నడుస్తూ
ఆ మాట దగ్గర ఠక్కున ఆగింది.
మూడు జతల చేతులు:
చప్, చప్, చప్.

ప్రిన్సిపాల్ మురిసిపోయి తనూ తాళం వేసింది.
మా ముప్పైమందిలో
ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.
ఆ మాట అంత స్పష్టంగా
పాటలో ఉన్నప్పుడు కూడా వినబడలేదు.
నా వెనక వరసలో
మీటింగుకోసారి సంస్కృతి గురించి మాట్లాడే సోమిదేవమ్మగారు
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని
భుజాలు అదిరేలా దగ్గుతోంది.

అది దగ్గు కాదు.